వరంగల్‌లో అరుదైన పామ్ మొలకలు: ఏప్రిల్ దాటించడం ఎలా

హనుమకొండ, కరీంనగర్ మేడల మీద, ఫామ్‌హౌస్‌ల గేట్ల దగ్గర బిస్మార్కియా, బాటిల్ పామ్ లాంటి పామ్‌లు (తాటి, కొబ్బరి కుటుంబపు చెట్లు) ఇప్పుడు కొత్త కాదు. కొన్నేళ్లుగా వాటిని దాటి లిప్‌స్టిక్ పామ్, లికువాలా, జొహాన్నెస్‌టైజ్‌మానియా లాంటి అరుదైన జాతుల విత్తనాలు, వేలెడంత మొలకలు కూడా ఆన్‌లైన్‌లో కొనుక్కుంటున్నారు. చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. వానాకాలంలో మొలక నిగనిగలాడుతుంది, దసరా నాటికి కొత్త ఆకు వేస్తుంది, సంక్రాంతికి కాస్త మందగిస్తుంది. ఉగాది దాటిన మూడు వారాల్లో ఆకుల కొసలు మాడి, రోహిణి కార్తె రాకముందే పోతుంది. "ఇది ఉష్ణమండలపు చెట్టే, మన దగ్గర ఎండలకు కొదవ లేదు, మరి ఎందుకు చచ్చింది?" అనేది అందరి ప్రశ్న.

సంక్షిప్తంగా

ఉత్తర తెలంగాణలో ఈ మొలకలను చంపేవాటిలో ముందు వరుసలో ఉండేవి వేసవి పొడిగాలి, క్షారత ఎక్కువున్న బోరు నీళ్లు, కాగిపోయే కుండీ. పుష్య మాసపు చలి రాత్రులు భూమధ్యరేఖ జాతులకు మాత్రమే పెద్ద గండం. ఏ జాతి నిలుస్తుందో దాని సొంత నేలలో ఎండాకాలం (నెలల తరబడి వాన పడని కాలం) అనేది ఉందా లేదా అన్నదాన్ని బట్టి ముందే అంచనా వేయవచ్చు. గాలిలో తేమకు కూలర్, నీటికి వాన ట్యాంకు, వేరుకు లోతైన కుండీ అమర్చుకుంటే చాలా జాతులను ఏప్రిల్ దాటించవచ్చు.

ఉష్ణమండలం అంటే ఒకే వాతావరణం కాదు

ప్రపంచంలో పామ్ జాతులు సుమారు 2,500 ఉన్నాయి. వీటిలో అత్యధికం ఉష్ణమండలానివే. కానీ ఆ ఒక్క మాట కింద ఒకదానికొకటి పొంతన లేని వాతావరణాలు ఉన్నాయి.

లిప్‌స్టిక్ పామ్ మలయా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియో చిత్తడి నేలల చెట్టు. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ చిహ్నంలో ఉన్నది ఇదే. సింగపూర్‌లో ఏడాది పొడవునా పగలు 31, రాత్రి 24 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అక్కడ ఉష్ణోగ్రత 19 కంటే కిందికి పడిన రికార్డు లేదు. వాన లేని నెల లేదు. వరంగల్‌లో మే పగలు 42 నుంచి 45 డిగ్రీలు, జనవరి రాత్రి 12 నుంచి 15. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు కొన్ని రాత్రులు 6 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. ఏడాది వాన వెయ్యి మిల్లీమీటర్ల అటూఇటూ, అదీ ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే.

మడగాస్కర్ పశ్చిమ, వాయవ్య ప్రాంతాల నుంచి వచ్చిన బిస్మార్కియా కథ వేరు. అక్కడ కూడా నెలల తరబడి ఎండాకాలం ఉంటుంది, ఆ తర్వాతే వానలు. 2008లో శాస్త్రలోకానికి పరిచయమైన తాహినా స్పెక్టాబిలిస్ కూడా మడగాస్కర్ వాయవ్య మూలదే. జీవితంలో ఒక్కసారి పూసి చనిపోయే ఈ మహావృక్షం అడవిలో అత్యంత ప్రమాదంలో ఉంది. అరుదుగా దొరుకుతుంది కాబట్టి సుకుమారం అనుకుంటారు గానీ, వాతావరణం లెక్కన చూస్తే లిప్‌స్టిక్ పామ్ కంటే దీనికే వరంగల్ దగ్గరి చుట్టం. క్యూబా కోపర్నీషియాలు, మన శ్రీతాళం, మారిషస్ బాటిల్ పామ్ కూడా ఈ వర్గంలోకే వస్తాయి. మొదటి రెండేళ్లు కాపాడితే ఆ తర్వాత ఆరుబయట నిలుస్తాయి.

ఈ రెంటికీ నడుమ వనువాటు, సోలమన్ దీవుల లికువాలా గ్రాండిస్, సీషెల్స్ వెర్షఫెల్టియా, ఇండోనేషియా అరెకా వెస్టియారియా ఉంటాయి. వీటికి నీడ వల, గాలికి అడ్డు జీవితాంతం కావాలి. ఇక కొలంబియా ఆండీస్ కొండల మీద రెండు మూడు వేల మీటర్ల ఎత్తున పెరిగే సెరాక్సిలాన్ కూడా ఉష్ణమండలానిదే. దానికి రాత్రి చల్లగా ఉండాలి. మే నెలలో రాత్రి కూడా 28 డిగ్రీల కంటే దిగని ఊళ్లో దాన్ని కొనడం దండగ.

గేగు చెప్పే సంగతి

పామ్ విత్తనం ఎలా మొలుస్తుందో తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. తాటి టెంకను ఇసుక మట్టిలో పాతిపెట్టి, చలికాలంలో తవ్వి తీసే గేగును చీల్చి చూస్తే చాలు. టెంక నేలపైనే ఉంటుంది. దాని నుంచి ఒక గొట్టం లాంటి కాడ కిందికి దిగి, లోతున లావెక్కి, దాని లోపల అసలు మొక్క మొవ్వు మొదలవుతుంది. టెంకలో మిగిలిన మెత్తని బుర్రగుంజు వృథా పదార్థం కాదు. విత్తనంలో నిల్వ ఉన్న ఆహారాన్ని కరిగించి, పీల్చి, ఆ కాడ ద్వారా కిందికి పంపే అవయవం అదే.

బిస్మార్కియా, ఈత, లికువాలా, తాహినా లాంటివి ఇలాగే విత్తనానికి దూరంగా మొలుస్తాయి. తాటికి దగ్గరి బంధువైన సీషెల్స్ జంట కొబ్బరిలో ఆ కాడ కొన్ని మీటర్ల దూరం కూడా పోతుంది. కొబ్బరి, పోక, లిప్‌స్టిక్ పామ్ మాత్రం విత్తనాన్ని ఆనుకునే మొలకెత్తుతాయి.

కుండీ ఎంపిక ఈ తేడా మీదే ఆధారపడుతుంది. దూరంగా మొలిచే పెద్ద విత్తనాన్ని ఆరంగుళాల కవర్‌లో వేస్తే కాడ అడుగుకు తగిలి వంకర తిరుగుతుంది, మొవ్వు అడ్డంగా పడుతుంది. ఆ మొక్క ఏడాది తర్వాత కూడా కోలుకోదు. వీటికి 12 నుంచి 14 అంగుళాల లోతు కావాలి. నాలుగంగుళాల పీవీసీ పైపును అడుగు పొడవు ముక్కలుగా కోసి, నిలువునా ఒక పక్క చీల్చి, టేపు చుట్టి, అడుగున వల కట్టి వాడితే మంచిది. మార్చేటప్పుడు టేపు విప్పితే వేరు కదలకుండా మట్టిముద్ద బయటికి వస్తుంది. బిస్మార్కియా చిన్నప్పుడు వేరు తెగితే అసలు సహించదు, అందుకే ఈ శ్రమ. టెంకను మొలక నుంచి తుంచడం మరో సాధారణ పొరపాటు. రెండో ఆకు పూర్తిగా విచ్చుకునే దాకా దాని తిండి అందులోనే ఉంటుంది. అప్పటిదాకా ఎరువు కూడా అనవసరం.

మొలకెత్తించే పద్ధతి సులువే. గుజ్జు పూర్తిగా తీసేయాలి. గుజ్జులో మొలకను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, బూజు కూడా దాన్నుంచే మొదలవుతుంది. జీలుగ జాతుల గుజ్జులో చేతిని కొరికే స్ఫటికాలు ఉంటాయి కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. విత్తనాలను రెండు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. కడిగిన కోకోపీట్‌ను పిడికిట పిండితే చుక్క కారనంత తడితో జిప్ కవర్‌లో వేసి, విత్తనాలు అందులో పెట్టి, 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంచాలి. వారానికోసారి తెరిచి గాలి ఆడనివ్వాలి. లిప్‌స్టిక్ పామ్‌కు రెండు మూడు నెలలు, లికువాలాకు మూడు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. తడి నేలల జాతుల విత్తనాలు ఆరితే చచ్చిపోతాయి. "ఎండబెట్టిన విత్తనం, ఏడాది నిల్వ" అని అమ్మే లిప్‌స్టిక్ పామ్ విత్తనం మీద డబ్బు పెట్టకపోవడమే మేలు.

ఆకు దగ్గర జరిగేది

మొలక ఎండకు మాడిందని అంటాం. చాలాసార్లు అది ఎండిపోవడం. వేడెక్కిన కొద్దీ గాలి ఎక్కువ ఆవిరిని పట్టగలదు. పట్టగలిగేదానికీ, నిజంగా ఉన్నదానికీ మధ్య లోటే ఆకు నుంచి నీటిని లాగుతుంది. సింగపూర్‌లో 31 డిగ్రీల వద్ద 75 శాతం తేమ ఉంటే ఆ లోటు దాదాపు 1.1 కిలోపాస్కల్ (ఆవిరి పీడనాన్ని కొలిచే ప్రమాణం). వరంగల్‌లో మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే 6.5 దాటుతుంది. ఉష్ణోగ్రతలో తేడా 11 డిగ్రీలే, ఆకును పీల్చే శక్తిలో తేడా ఆరు రెట్లు.

ఆకు దీన్ని ఎదుర్కోవడానికి పత్రరంధ్రాలు మూసేస్తుంది. మూస్తే నీరు మిగులుతుంది గానీ ఆహారం తయారీ ఆగుతుంది, ఆవిరి వల్ల వచ్చే చల్లదనం పోయి ఆకు మరింత వేడెక్కుతుంది. కుండీ తడిగానే ఉన్నా మొక్క వాడుతుంది. అది చూసి ఇంకా నీళ్లు పోస్తే వేరుకు ఊపిరాడక కుళ్లు మొదలవుతుంది. వేసవిలో పోయే మొలకల్లో చాలావాటికి అసలు దెబ్బ ఈ రెండో అడుగులో తగులుతుంది. పైగా పామ్ మొలకకు ఉండేవి మూడు నాలుగు ఆకులు. లికువాలా కొత్త ఆకు వేయడానికి నెలలు పడుతుంది. ఒక ఆకు మాడితే దాని సంపాదనలో మూడో వంతు పోయినట్టే.

చలి కంటే పొడిగాలే పెద్ద అడ్డంకి అనడానికి హౌరా బొటానిక్ గార్డెన్ జంట కొబ్బరి మంచి ఉదాహరణ. 1894లో నాటిన ఆ చెట్టు నూరేళ్లకు పైగా బతికింది. అక్కడ కూడా శీతాకాలపు రాత్రులు 12, 14 డిగ్రీలకు పడతాయి. వేసవి గాలిలో మాత్రం గంగ ఒడ్డు తేమ ఉంటుంది.

కూలర్‌లో ఉన్న మందు

పొడిగాలికి విరుగుడు పొడిగాలిలోనే ఉంది. 42 డిగ్రీల, 20 శాతం తేమ గాలిని తడిపితే అది సిద్ధాంతపరంగా 23, 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. ఇంట్లో వాడే కూలర్ ఆ తేడాలో ముప్పావు వంతు అందుకున్నా 28 డిగ్రీల దగ్గర తేమగాలి వస్తుంది. లికువాలాకు కావలసింది అదే. వానాకాలంలో కూలర్ పనిచేయదని అందరికీ తెలుసు, ఆ కాలంలో ఈ మొలకలకు దాని అవసరమూ ఉండదు.

ఏర్పాటు ఇలా ఉంటుంది. తూర్పు లేదా ఉత్తరం వైపు గోడ పక్కన, పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు చట్రం. పైన మార్చి నుంచి జూన్ మధ్య దాకా 75 శాతం నీడ వల, మిగతా కాలం 50 శాతం. పడమటి వైపు, వడగాలి వచ్చే దిక్కు, గోనె సంచులు లేదా రెండు వరసల వల. కూలర్ ఒక చివర, గాలి బయటికి పోవడానికి జానెడు సందు రెండో చివర. పైకప్పుకు పాలిథిన్ వాడకూడదు. నేరు ఎండలో మూసిన పాలిథిన్ గది గంటలో పొయ్యి అవుతుంది. కూలర్‌ను ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా టైమర్ మీద నడిపితే చాలు.

ఫాగర్లు చాలామంది పెట్టుకుంటున్నారు. బోరు నీళ్లతో ఫాగర్ నడిపితే ఆ నీటిలోని ఉప్పంతా ఆకు మీద తెల్లగా పేరుకుంటుంది, నాజిల్ నెల తిరగకుండా పూడుకుపోతుంది. కూలర్‌లో ఆ ఉప్పు గడ్డి లేదా ప్యాడ్ మీదే ఉండిపోతుంది, ఆకును చేరదు. వారానికోసారి టబ్ ఖాళీ చేస్తే సరి. కఠిన జలం ఉన్న ఊళ్లకు కూలరే సరైనది.

కుండీ సంగతి వేరే. ఎండ తగిలే నల్ల కవర్‌లో మట్టి 50 డిగ్రీలకు చేరుతుంది. పామ్ వేరు 40 దాటితే దెబ్బతింటుంది. కవర్‌ను పెద్ద మట్టికుండీలో పెట్టి, నడుమ ఇసుక పోసి, ఆ ఇసుకను తడిపి ఉంచితే రంజన్‌లో నీళ్లు చల్లబడినట్టే వేరు చల్లబడుతుంది. మిద్దె మీద ట్యాంకు నీళ్లను మధ్యాహ్నం పైపుతో పట్టి పోయడం మాత్రం ప్రాణాంతకం. పైపులో నిలిచిన నీళ్లు చేతికే కాలతాయి.

బోరు నీళ్లు: మెల్లగా చంపేది

పొడిగాలి మూడు వారాల్లో చంపితే, బోరు నీళ్లు ఏడాదిన్నరలో చంపుతాయి. అందుకే తప్పు ఎవరికీ పట్టుబడదు. ఈ ప్రాంతపు బోర్లలో చాలావాటికి బైకార్బనేట్ ఎక్కువ. నీళ్లు పోసిన ప్రతిసారీ కుండీ మిశ్రమం కాస్త క్షారం వైపు జరుగుతుంది. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.5 దాటితే ఇనుము, మాంగనీసు మట్టిలో ఉన్నా వేరుకు అందవు. కొత్త ఆకు లేత పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వస్తే ఇదే కారణం. పాత ఆకుల మీద నారింజ రంగు చుక్కలు, కొసల నుంచి మాడడం పొటాష్ లోపం. పాత ఆకు అంచులు పసుపు, నడుమ ఆకుపచ్చ అయితే మెగ్నీషియం. ఏ ఆకులో లక్షణం కనిపించిందన్నదే సగం రోగ నిర్ధారణ.

ఇనుము లోపానికి దుకాణాల్లో తేలిగ్గా దొరికే ఈడీటీఏ ఇనుము (ఇనుమును కరిగిన రూపంలో పట్టి ఉంచే రసాయనంతో కలిపినది) క్షార మట్టిలో పనిచేయదు. పీహెచ్ 6.5 దాటాక అది విడిపోతుంది. ఈడీడీహెచ్‌ఏ రూపం కావాలి. లీటరుకు అర గ్రాము కలిపి మట్టికి పోస్తే తర్వాత వచ్చే ఆకు పచ్చగా వస్తుంది. పసుపు పడిన ఆకు మాత్రం పూర్తిగా కోలుకోదు.

నీటినే సరిచేయాలంటే ముందు క్షారత పరీక్ష చేయించాలి. లీటరుకు 300 మిల్లీగ్రాముల క్షారత ఉన్న నీటికి లీటరుకు సుమారు 0.3 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), అంటే వంద లీటర్లకు 30 గ్రాములు, కలిపి పీహెచ్ పట్టీతో 6 నుంచి 6.5 మధ్యకు వచ్చిందో లేదో చూసుకోవాలి. కలిపిన రోజే పోయాలి, నిల్వ ఉంచితే జిగురు పడుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. నిమ్మ ఉప్పును కుండీలోని సూక్ష్మజీవులు తినేశాక క్షారత కొంత తిరిగి వస్తుంది. కాబట్టి ఇది తాత్కాలిక సర్దుబాటు. ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లు అసలు పనికిరావు, అందులో కాల్షియం స్థానంలో సోడియం ఉంటుంది.

వాన నీళ్లను మించిన పరిష్కారం లేదు, లెక్క కూడా అందుబాటులోనే ఉంది. వంద చదరపు అడుగుల డాబా మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే, ఇరవై శాతం పోయినా ఏడు వేల లీటర్లు దక్కుతాయి. నలభై మొలకలకు రోజుకు 300 మిల్లీలీటర్ల చొప్పున 12 లీటర్లు. నవంబర్ నుంచి మృగశిర దాకా సుమారు 220 రోజులకు 2,640 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకులు మూడు, వెలుతురు చొరని మూతతో, ఉంటే వేసవి గడిచిపోతుంది. బోరు నీళ్లే దిక్కైతే నెలకోసారి కుండీ పరిమాణానికి మూడింతల మంచి నీళ్లు పోసి ఉప్పును కడిగేయాలి.

మిశ్రమంలో నల్లరేగడి వద్దు. తడిస్తే ముద్ద, ఎండితే పగుళ్లు. కోకోపీట్ రెండు పాళ్లు, సగం కాలిన వరి ఊక ఒక పాలు, 6 మిల్లీమీటర్ల గ్రానైట్ చిప్స్ ఒక పాలు, వర్మీకంపోస్ట్ అర పాలు ఈ ప్రాంతంలో చవకగా కుదిరే కూర్పు. ఊక పూర్తిగా బూడిదైతే అదే క్షారత పెంచుతుంది. చిప్స్ సున్నపురాయివి కాకూడదు. లిప్‌స్టిక్ పామ్ ఒక్కదానికి కుండీ కింద పళ్లెంలో వేలెడు లోతు నీళ్లు నిలిపి ఉంచవచ్చు, అది చిత్తడి చెట్టు. మిగతావాటికి అదే పని చేస్తే వేరు కుళ్లుతుంది.

చలి రాత్రులు

ఎండాకాలం ఉన్న దేశాల జాతులకు వరంగల్ చలి లెక్కే కాదు. లిప్‌స్టిక్ పామ్, జొహాన్నెస్‌టైజ్‌మానియా లాంటివి మాత్రం 15 డిగ్రీల కిందికి పోతే ఆగిపోతాయి, ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. చల్లబడిన వేరు నీళ్లు తాగదు కాబట్టి డిసెంబర్, జనవరిలో నీళ్లు సగానికి తగ్గించి, ఎండ తగిలి గోరువెచ్చబడినవి ఉదయం పది తర్వాత పోయాలి. పెద్ద థర్మోకోల్ పెట్టె, అడుగున 40 వాట్ల పాత రకం బల్బు, దాని మీద ఇనుప జాలీ, ఆపైన కుండీలు, గుడ్లు పొదిగే యంత్రాల్లో వాడే చిన్న డిజిటల్ థర్మోస్టాట్ ఉంటే సరిపోతుంది. కోడిపిల్లల బ్రూడర్ చూసినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. థర్మోస్టాట్ తీగను గాలిలో కాకుండా మట్టిలో గుచ్చి 25 డిగ్రీలకు పెట్టాలి.

ముసురు, మొవ్వు కుళ్లు

పామ్ కాండానికి పెరిగే చోటు ఒక్కటే, అది మొవ్వు. గులాబీలాగా పక్క నుంచి మళ్లీ చిగురించదు. జూలై, ఆగస్టు ముసురులో మొవ్వులో నీళ్లు నిలిస్తే ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి పడుతుంది. విచ్చుకోని నడిమి ఆకును మెల్లగా లాగితే ఊడి వచ్చి, మొదట్లో దుర్వాసన ఉంటే మొవ్వు కుళ్లు సోకినట్టు. కుళ్లిన భాగం తీసేసి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొవ్వులో పోయాలి. మొలక దశలో పట్టుబడితే బతికేవి తక్కువే, అందువల్ల ముసురు రోజుల్లో వానకు అడ్డంగా పారదర్శక రేకు వేసి పక్కలు తెరిచి ఉంచడమే మంచిది. వేసవిలో ఆకు అడుగున ఎర్రనల్లి వస్తుంది, తేమగాలి ఉన్న చోట అది నిలవదు.

కొనేటప్పుడు

విదేశాల నుంచి విత్తనం తెప్పించాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశపు ఫైటోసానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు లేవనే ధ్రువపత్రం) ఉండాలి. జంట కొబ్బరికి, మడగాస్కర్ ట్రయాంగిల్ పామ్‌కు అదనంగా సైటిస్ (ప్రమాదంలో ఉన్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనలు వర్తిస్తాయి. కవర్‌లో దాచి పంపుతామనే అమ్మకందారు నుంచి కొంటే చట్టంతో చిక్కే కాదు, కొబ్బరి తోటలకు కూడా ముప్పే. 2016లో పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఇప్పుడు దక్షిణాది తోటలను ఎంతగా పీడిస్తున్నదో రైతులకు తెలుసు. కోస్తా నర్సరీల నుంచి తెచ్చిన మొలకను కూడా నెల రోజులు విడిగా ఉంచి, ఆకు అడుగు చూశాకే మిగతావాటి పక్కన పెట్టాలి.

గోదావరి డెల్టా తేమలో పెరిగిన మొలకను మార్చిలో వరంగల్‌కు తెస్తే దానికి అలవాటుపడే వ్యవధి ఉండదు. ఆరుద్ర కార్తెలో తేవాలి. అప్పుడు వేసవికి ముందు ఎనిమిది నెలలు దొరుకుతాయి, ఆ లోపు కనీసం రెండు ఆకులు ఇక్కడి గాలిలోనే పుట్టి గట్టిపడతాయి. ఎండాకాలపు జాతులను నేలలో పెట్టడానికి కూడా అదే అదను. ఆకులు ఐదారు వచ్చి, చీలిన రూపం తీసుకున్నాక, మూడో ఏట ఆరుద్ర వానకు చల్క నేలలో రెండడుగుల గుంత తీసి, మొదటి వేసవి మాత్రం పడమర వైపు తాటికమ్మ దడి కట్టాలి.